మా మనవడి పాము, మనం తిండి పెట్టే తీరు

ఇది కాస్త పెద్ద పోస్టు. తీరిగ్గా ఉన్నప్పుడే చదవండి.

మొన్న మేం గ్రూపులో పెట్టిన ఫొటో చూసి చాలామంది కంగారు పడ్డారు. మా మనవడి చేతి మీద చుట్టుకుని ఉన్నది బొమ్మ కాదు, నిజం పామే. "ఇంట్లో పామేంటి, మీకు మతిపోయిందా" అని ఒకరు, "పిల్లాడికి ఏమైనా అయితే" అని ఇంకొకరు, "పాపం బక్కగా ఉంది, ఏమైనా పెడుతున్నారా" అని మరొక వదినగారు రాశారు. మొదటి రెండు ప్రశ్నలకి జవాబు తేలిక. మూడోదానికే ఇంత రాయాల్సి వస్తోంది. ఎందుకంటే సరిగ్గా అదే మాట అని, అదే పని చేసి, మేం ఆ పాముపిల్లని చంపినంత పని చేశాం.

మార్చిలో మేమిద్దరం బ్రిస్బేన్‌లో మా పెద్దమ్మాయి ఇంటికి వెళ్ళాం. సెప్టెంబరు మొదటి వారంలో బరంపురం తిరిగొచ్చాం. మేం వెళ్ళిన పది రోజులకి మనవడు పుట్టినరోజు కానుకగా కార్పెట్ పైథాన్ పిల్లని తెచ్చుకున్నాడు. కొండచిలువ జాతే. ఆస్ట్రేలియాలో, న్యూగినీలో ఉంటుంది. విషం లేదు, ఎరని చుట్టి బిగించి మింగుతుంది. తివాచీ మీద అల్లికలా ఒంటి నిండా మచ్చలుంటాయి కాబట్టి ఆ పేరు. బ్రిస్బేన్ వాళ్ళకి ఇదేం వింత కాదు. ఇళ్ళ పైకప్పుల్లో దూరి ఎలుకలు తింటూ ఉంటుంది. ఒకరోజు పక్కింటి కంచె మీద ఆరడుగుల పాము ఎండ కాచుకుంటుంటే ఆ ఇంటావిడ దాని పక్కనుంచే బట్టలు తీసుకుని లోపలికి పోయింది. మేం మాత్రం ఆ పూట పెరట్లోకి వెళ్ళలేదు.

అడవిలోదాన్ని పట్టుకొచ్చి పెంచుకోవడం అక్కడ నేరం. పెంపకందారుల దగ్గర గుడ్డు పొదిగి పుట్టినదాన్నే, అదీ క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు ఉంటేనే తెచ్చుకోవాలి. లైసెన్సు అల్లుడి పేరున ఉంది. చాకిరీ మనవడిది. వచ్చినప్పుడు దాని బరువు 28 గ్రాములు, పొడుగు మూరెడు కన్నా తక్కువ. రంగు చూసి వాడు "బెల్లం" అని పేరు పెట్టాడు. మా ఇంట్లో తెలుగు ఇంకా బతికే ఉందని మాకు అంత గట్టిగా తెలిసింది ఆ పేరుతోనే.

ఇక తిండి సంగతి. వారానికి ఒక్కసారి. ఒక్కటే చిట్టెలుక పిల్ల, మూడు గ్రాములది. బతికున్నది కాదు, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి అమ్మేది. దాన్ని ముందురోజు ఫ్రిజ్ కింద అరలో పెట్టి కరగనిచ్చి, పెట్టే ముందు గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, తుడిచి, పొడుగాటి పట్టకారుతో అందిస్తాడు. మైక్రోవేవ్‌లో పెట్టకూడదట. లోపల ఉడికిపోయి పైన చల్లగా ఉంటుంది, ఒక్కోసారి పేలిపోతుంది కూడా. వెచ్చగా ఎందుకంటే, ఈ పాము పెదవుల మీద చిన్న చిన్న గుంటలుంటాయి. వాటితో వేడిని పసిగడుతుంది. చల్లటి ఎలుక దాని లెక్కలో రాయితో సమానం.

ఇది చదువుతూ ముఖం చిట్లించే వాళ్ళు మనలో చాలామంది ఉంటారని తెలుసు. మేమూ చిట్లించాం. మా ఇంట్లో ఏకాదశికి ఉల్లిపాయ కూడా తరగం. వాళ్ళు ఎలుకల డబ్బాకి గరాజ్‌లో వేరే చిన్న ఫ్రీజర్ పెట్టారు, దాని పట్టకారు వేరు, గిన్నె వేరు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు కాబట్టి అది మడి కాదు, అవసరం. అయినా మొదటి నెల రోజులు మేం గరాజ్ వైపు చూడలేదు. గ్రూపులో ఒకరు రాసినట్టే మేమూ అడిగాం, పాలు పొయ్యకూడదా, ఉడకబెట్టిన గుడ్డు పెట్టకూడదా, పోనీ కోడిమాంసం ముక్క తెచ్చి వెయ్యకూడదా అని. కూడదు. పాముకి కావలసినవన్నీ ఎలుక మొత్తంలో ఉన్నాయి. ఎముకల్లో సున్నం, కాలేయంలో విటమిన్లు, కండలో మాంసకృత్తులు. ఒట్టి మాంసం ముక్కలతో పెంచితే ఎముకలు గట్టిపడవు. పామును శాకాహారిని చేద్దామనుకోవడం ఆవుకి చేపలు పెట్టడం లాంటిదే.

ఇంతవరకూ ఒప్పుకున్నాం. ఒప్పుకోలేనిది ఒక్కటే, వారానికి మూడు గ్రాములేమిటి అని. మన ఇళ్ళల్లో పిల్లాడు చాలు అన్నాక ఇంకో రెండు ముద్దలు పెట్టినవాళ్ళే అమ్మమ్మలు. వచ్చిన చుట్టం రెండో వడ్డన వద్దంటే మనకి చిన్నతనం. పిల్లలు బొద్దుగా ఉంటే పెంపకం బాగున్నట్టు, సన్నగా ఉంటే తల్లికి తీరికలేనట్టు. ఈ కొలతే పాముకి కూడా పట్టుకెళ్ళాం. రోజూ గూట్లోకి తొంగిచూసి "ఎండిపోయింది పాపం" అనుకునేవాళ్ళం. మనవడు చెప్పాడు, "తాతయ్యా, దానికి ఆకలేస్తే రాత్రిపూట తల ఎత్తి కాచుక్కూచుంటుంది, అప్పుడు తెలుస్తుంది" అని. పదకొండేళ్ళ వాడికేం తెలుసులే అనుకున్నాం.

మే నెల మధ్యలో అమ్మాయీ అల్లుడూ ఒక పెళ్ళికని రెండు రోజులు సిడ్నీ వెళ్ళారు. అప్పటికి బెల్లం 38 గ్రాములు. ఎనిమిది వారాల్లో పది గ్రాములు. మాకది ఏమూలకీ కనిపించలేదు. ఆ ఆదివారం మేమే మనవణ్ణి బలవంతపెట్టి, పెద్దయ్యాక పెట్టడానికని దాచిన పెద్ద సైజు ఎలుకని తీయించాం. 15 గ్రాములు ఉంటుంది. "ఒకేసారి కడుపునిండా తిననీరా, నీ సొమ్మేం పోయింది" అన్నాం. బెల్లం చాలాసేపు తంటాలుపడి మింగింది. మాకు ఎంత తృప్తి అనుకున్నారు! పొట్ట దగ్గర ఉబ్బు చూసి ఫొటో కూడా తీశాం.

ఆ రాత్రి ఇంకో పని జరిగింది. పాము పెట్టె కింద ఒక పక్క వేడినిచ్చే పరుపు లాంటిది ఉంటుంది, రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది. పడుకునే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్చులు ఆపే అలవాటు మనకు ఉందిగదా, కరెంటు దండగ అని దాన్ని కూడా ఆపేశాం. ఆపింది మాలో ఎవరన్నది మా ఇద్దరి మధ్యే ఉండనివ్వండి. బ్రిస్బేన్‌లో మే నెల అంటే చలికాలం గుమ్మంలో ఉన్నట్టు. పాముకి మనలా ఒంట్లో వేడి పుట్టదు. పెట్టెలో ఒక పక్క 31, 32 డిగ్రీలు, ఇంకో పక్క 25 డిగ్రీలు ఉంటే తనకి కావలసిన చోటికి తనే జరుగుతుంది. తిన్నాక వెచ్చటి పక్కకి పోయి పడుకుంటేనే అరుగుతుంది. వేడి లేకపోతే తిన్నది కడుపులోనే కుళ్ళుతుంది.

మూడో రోజు పొద్దున పెట్టె నిండా భరించలేని కంపు. ఎలుకని సగం కుళ్ళినదాన్ని కక్కేసింది. మనవడు ఏడవలేదు, మామీద అరవలేదు. చేతులకి తొడుగులు వేసుకుని, శుభ్రం చేసి, స్విచ్ వేసి, త్రాసు మీద పెట్టి బరువు చూశాడు. 34 గ్రాములు. పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత నాలుగు రోజులు మాతో మాట్లాడలేదు.

పాము కక్కడం మన పిల్లలు కక్కడం లాంటిది కాదని అప్పుడు తెలిసింది. కడుపులో అరిగించే రసాలు పోతాయి, గొంతు లోపల ఒరుసుకుపోతుంది. వెంటనే మళ్ళీ పెడితే మళ్ళీ కక్కుతుంది. చిన్నపిల్ల రెండుమూడు సార్లు వరసగా కక్కితే బతకడం కష్టం. అందుకని రెండు వారాలు నీళ్ళు తప్ప ఏమీ పెట్టకూడదు. ఆ తర్వాత మామూలు కన్నా చిన్నది పెట్టాలి. ఆ రెండు వారాలు మాకు ఎలా గడిచాయో చెప్పలేం. వంట చేసి కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

రెండు వారాలయ్యాక రెండు గ్రాముల పిల్లని పెడితే వాసన చూసి తల తిప్పుకుంది. మరుసటి వారం అంతే. ఆపై వారం అంతే. జూన్ అంతా అలాగే గడిచింది. బరువు 33కి వచ్చి ఆగింది. సరీసృపాలు చూసే పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ నోరు తెరిచి చూసింది, వెన్ను నిమిరింది. నోట్లో పుండు లేదు, వెన్నెముక కత్తిలా పైకి తేలలేదు, చర్మం వదులుగా లేదు, కాబట్టి ఆగండి అంది. నోట్లో కుక్కొద్దు అని గట్టిగా చెప్పింది. ఆవిడ మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే, "రోజుకి ఎన్నిసార్లు పెట్టె తెరిచి చూస్తున్నారు" అని. ఇద్దరం కిందకి చూశాం. అరగంటకోసారి మూత తీసి "తిన్నావా తల్లీ" అని పలకరిస్తున్నది మేమే. పాముపిల్లకి పైనుంచి దిగే ప్రతి చెయ్యీ గద్దే. అడవిలో దాన్ని తినేవాళ్ళే ఎక్కువ, అది తినేది తక్కువ. భయంతో ఉన్న పాము తినదు.

అది తినకపోవడానికి ఇంకా కారణాలున్నాయి. చలికాలంలో పెట్టె వెచ్చగా ఉన్నా ఈ జాతి పాములు కొన్ని తిండి తగ్గించేస్తాయి. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలిపోయినట్టు నీలంగా మారి సరిగా కనబడవు, అప్పుడూ తినవు. మరీ చిన్నప్పుడైతే కొన్నింటికి ఎలుక అంటేనే తెలియదు. అడవిలో అవి మొదట తినేది చిన్న చిన్న బల్లి జాతి జంతువుల్ని. అందుకని పెంపకందారులు ఎలుకపిల్లకి బల్లి వాసనో, పిట్ట వాసనో పూసి అలవాటు చేస్తారట. తెచ్చుకునేటప్పుడే "ఇది వరసగా ఎన్నిసార్లు తానై తిన్నది" అని అడిగి తెచ్చుకోవాలని అల్లుడు చెప్పాడు. బెల్లం ఆరుసార్లు తిన్నాకే అమ్మారు.

ఆ రోజు నుంచి పెట్టె ముందు తువ్వాలు కట్టేశారు. దాక్కోవడానికి వెచ్చటి పక్క ఒకటి, చల్లటి పక్క ఒకటి గూళ్ళు పెట్టారు. ఎక్కడానికి కొమ్మ ఒకటి అప్పటికే ఉంది, ఇది చెట్లెక్కే పాము. వారానికి ఒకరాత్రి, లైట్లు ఆర్పి, ఎలుకపిల్లని గూటి నోటి దగ్గర పెట్టి తలుపు వేసి వచ్చెయ్యడం. మేం ఆ గది వైపే వెళ్ళకూడదని మనవడు తీర్పు చెప్పాడు, ఒప్పుకున్నాం. జూలై మొదటి వారంలో కుబుసం విడిచింది. తల నుంచి తోక దాకా మేజోడు తిరగేసినట్టు ఒకే ముక్కగా వచ్చింది. అలా వస్తే గాలిలో తడి సరిపోయినట్టే, ముక్కలు ముక్కలుగా వస్తే చాలనట్టు. రెండు రాత్రుల తర్వాత పెట్టిన ఎలుకపిల్ల పొద్దున కనబడలేదు. మనవడు మా గదిలోకి వచ్చి చెప్పిన మాట, "అమ్మమ్మా, తిన్నది" అని. మాతో అంత సంతోషంగా మాట్లాడి అప్పటికి ఏడు వారాలైంది.

ఇప్పుడు మేం చెప్పదలచుకున్నది. పాముపిల్ల బాగా పెరగడం అంటే తొందరగా లావెక్కడం కాదు. దాని ఒంట్లో అన్నిటికన్నా లావుగా ఉన్న చోటు ఎంతుందో అంత లావు ఎర, లేదా పిసరు ఎక్కువ. పిల్లగా ఉండగా వారానికోసారి, బరువులో పదో వంతుకి అటూ ఇటూ. పెరుగుతున్న కొద్దీ ఎర సైజు పెంచి, రోజుల ఎడం కూడా పెంచాలి. ఏడాది దాటితే పది, పద్నాలుగు రోజులకి, పూర్తిగా ఎదిగాక మూడు నాలుగు వారాలకి ఒకసారి చాలు. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకూడదు. తొందరగా పెద్దది చేద్దామని ఎడాపెడా మేపేవాళ్ళు అక్కడా ఉన్నారు. అలా మేపిన పాముల ఒళ్ళు గొట్టంలా ఊరి, తల చిన్నగా మిగిలి, లోపల కాలేయానికి కొవ్వు పట్టి తొందరగా పోతాయి. సరిగ్గా చూస్తే ఇరవై ఏళ్ళు బతికే జీవి, రెండు మీటర్లు దాటి పెరిగే జీవి. దానికి తొందర లేదు. తొందర మనదే.

అసలు పామును పెట్టెలో పెట్టడం న్యాయమా అని ఒక పెద్దాయన అడిగారు. మాకూ పూర్తిగా మనసొప్పలేదు, ఇప్పటికీ ఒప్పదు. మేమైతే పెంచం. కానీ వాడు ఆ పుస్తకంలో వారం వారం బరువు, తిన్నదీ తిననిదీ, కుబుసం విడిచిన తేదీ రాసుకునే ఓపిక చూశాక, "తీసి పారేయించండి" అని అమ్మాయికి చెప్పడానికి మాకు నోరు రాలేదు. విదేశాల్లో మనవలున్న వాళ్ళు మన సంఘంలో చాలామందే ఉన్నారు. వీడియో కాల్‌లో ఆ పిల్లలు బల్లినో పామునో చూపిస్తే వెంటనే ఛీ అనకండి. అదేం తింటుందో అడగండి. వాళ్ళే మీకు గంట సేపు చెబుతారు, అదీ తెలుగులో చెప్పడానికి ప్రయత్నిస్తారు.

అయితే మన దగ్గర కూడా తెచ్చుకోవచ్చా అని గ్రూపులో ఇద్దరు కుర్రాళ్ళు అడిగారు, వాళ్ళకి విడిగా చెబుతున్నాం. మన అడవుల్లోని కొండచిలువ వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూలులో ఉంది. దాన్నే కాదు, నాగుపామునీ జెర్రిగొడ్డునీ కూడా ఇంట్లో పెంచడానికి వీల్లేదు. విదేశీ కొండచిలువలన్నీ సైటీస్ ఒప్పందం జాబితాల్లో ఉన్నాయి. 2022లో చట్టం సవరించాక అలాంటి జంతువు దగ్గరున్నవాళ్ళు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. దానికి 2024లో నియమాలు, పరివేష్ పోర్టల్ వచ్చాయి. పుట్టినా చచ్చినా చేతులు మారినా చెప్పాలి. కాగితం లేకుండా ఎవరో సంచిలో తెచ్చి అమ్మేది చాలాసార్లు విమానాల్లో సూట్‌కేసుల్లో కుక్కి తెచ్చినదే. దారిలో సగం చస్తే మిగతా సగానికి ధర కడతారు. ఆ పని జోలికి పోకండి. కాగితాలున్నా సరే, పాములు చూసే వైద్యుడు మీ ఊళ్ళో ఉన్నాడో లేడో ముందు కనుక్కోండి. ఒక్కసారి కక్కితే ఎవరి దగ్గరికి పరుగెత్తుతారు?

ఇంకొక్క మాట. వచ్చే వారం నాగుల చవితి. ఏటా మనం పుట్ట దగ్గర లీటర్ల కొద్దీ పాలు పోస్తాం, కొందరు గుడ్లు కూడా వేస్తారు. మా అమ్మలు చేశారు, మేమూ ఇన్నేళ్ళు చేశాం. పాము పాలు తాగి అరిగించుకునే జంతువు కాదు. బుట్టలో పాముని తెచ్చి పాలు తాగించి చూపించేవాళ్ళు దాన్ని రోజుల తరబడి నీళ్ళు లేకుండా ఎండబెట్టి తెస్తారు. ఆ దాహానికి అది ఏ ద్రవమైనా తాగుతుంది, తర్వాత బాధపడుతుంది. పుట్టలో పోసినవి లోపల పులిసి చీమలు పట్టడమే. పూజ మానమని మేం అనడం లేదు, మేమూ మానం. పసుపు కుంకుమ, పూలు, దీపం, చిమ్మిలి, చలిమిడి అన్నీ యథాప్రకారం. పాలు ఒక్క చెంచాడు పుట్ట మొదట్లో చిలకరిస్తే చాలదా? బుట్ట పాము వాడు వస్తే డబ్బులివ్వకుండా అటవీశాఖకి ఫోన్ చేద్దాం. దీని మీద అభ్యంతరం ఉన్నవాళ్ళు కింద రాయండి, కోప్పడం.

నిన్న రాత్రి మనవడు ఫోన్ చేశాడు. బెల్లం 52 గ్రాములు. ఈ ఆదివారం పెట్టింది తిన్లేదట, కళ్ళు నీలంగా ఉన్నాయట. మేం ఏమీ అనలేదు. వాడే నవ్వి, "అమ్మమ్మా, ఇంకొంచెం పెట్టమనవేం" అన్నాడు.

చవితి రోజు పొద్దున ఆరున్నరకి పుట్ట దగ్గరికి వచ్చేవాళ్ళు పేర్లు ఇవ్వండి. చిమ్మిలి మేం చేసి తెస్తాం. పాల ప్యాకెట్లు మాత్రం ఈసారి ఇళ్ళ దగ్గరే ఉంచండి, తిరిగొచ్చాక మా ఇంట్లో అందరికీ కాఫీ పెడదాం.